ఇటాలియన్ పాత పాటలకు డాన్స్ బీటు కడితే ఏం మిగులుతోంది?

పల్లవిపిచ్చి

2010లో వచ్చిన ‘వీ నో స్పీక్ అమెరికానో’ గుర్తుందా? కాలేజీ ఫెస్టుల్లో, పబ్బుల్లో, సంగీత్‌లలో ఎక్కడ చూసినా అదే. మా బ్యాచ్‌లో సగం మంది అది స్పానిష్ పాట అనుకునేవాళ్లు. నిన్న రాత్రి దాని మూలం తీరిగ్గా కూర్చుని విన్నాను. అసలు పాట ‘తు వో ఫా లమెరికానో’, 1956 నాటిది. పాడినవాడు రెనాతో కరొజోనె. అది నేపుల్స్ వాళ్లు ఇంట్లో మాట్లాడుకునే నియపోలిటన్‌లో ఉంది, బడిలో నేర్పే ఇటాలియన్‌లో కాదు.

కథేమిటంటే, రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక నేపుల్స్ కుర్రాడొకడికి అమెరికా పిచ్చి పట్టుకుంటుంది. విస్కీ సోడా కావాలి, రాక్ అండ్ రోల్ ఆడాలి, బేస్‌బాల్ కావాలి. కామెల్ సిగరెట్లకి డబ్బులు మాత్రం అమ్మ హ్యాండ్‌బ్యాగులోంచి రావాలి! నాకు నవ్వాగలేదు. మన వీధిలో కుర్రాడి గురించి రాసినట్టే ఉంది.

డాన్స్ వెర్షన్‌లో ఆ హ్యాండ్‌బ్యాగు లేదు. అమెరికా మోజుని వెక్కిరించే పాట చివరికి ‘అమెరికానో’ అనే కేకకి ప్రపంచమంతా గంతులేసే పాటైంది. ఇలా బీటు కట్టినప్పుడు పాట బతికినట్టా, పల్లవి ఒక్కటే బతికినట్టా? మీకు తెలిసిన ఇటాలియన్ ఉదాహరణలు చెప్పండి. లింకులు తర్వాత, ముందు అభిప్రాయాలు.

మల్కాజిగిరి_డీజే

అక్కా, ఫ్లోర్ మీద ఉన్నోడికి కథ అక్కర్లేదు. నిమిషానికి 125 బీట్ల దగ్గర జనం ఊగుతున్నప్పుడు చరణం పెడితే కూర్చుంటారు, బార్ వైపు నడుస్తారు. అది మా కళ్ల ముందు జరిగే పని.

ఇంకో మాట. ఆ డాన్స్ వెర్షన్ చేసిన యోలాండా బీ కూల్, డీకప్ వాళ్లు అంత మోటుగా ఏమీ కొయ్యలేదు, మళ్లీ వినండి. మధ్యలో బీటు తగ్గి కరొజోనె గొంతు ఒక్కటే వినిపించే చోటు ఉంది కదా, అక్కడ ఉన్నది పాటలో అన్నిటికన్నా మంచి ముక్క. నువ్వు సగం అమెరికన్‌లో మాట్లాడితే నిన్ను ప్రేమించే పిల్లకి ఏం అర్థమవుతుంది, వెన్నెల్లో కూర్చుని ‘ఐ లవ్ యూ’ అనాలని నీకెలా తోచింది అని అడిగే ముక్క. హ్యాండ్‌బ్యాగు పోయింది గానీ ఎగతాళి పోలేదు. అర్థం తెలియకపోవడం మన సమస్య, వాళ్లది కాదు.

పైగా అరిగిపోయిన పాత రికార్డు గొంతుని అలాగే ఉంచి, కింద కిక్ డ్రమ్ము, ఆ దెబ్బకి మిగతా శబ్దం తగ్గి లేచే సైడ్‌చెయిన్ కొత్తగా వేశారు. ఆ పాత గరగర లేకపోతే ఈ పాట ఆ వేసవిలో బ్రిటన్‌లో నంబర్ వన్ అయ్యేదే కాదు.

కాపీరైట్_కాకా

చర్చ ముదరకముందే ఒకటి తేల్చుకుందాం. బయట అందరూ అన్నిటినీ ‘కవర్’ అంటున్నారు. కవర్, శాంపిల్, రీమిక్స్, మూడూ వేరు.

కవర్ అంటే అదే పాటని కొత్త గొంతుతో, కొత్త వాద్యాలతో మళ్లీ రికార్డు చెయ్యడం. ఇక్కడ డబ్బు పాట రాసినవాళ్లకి, పబ్లిషర్‌కి వెళ్తుంది. ఇటలీలో ఆ వసూలు పని చాలాకాలంగా సియాయె అనే సంస్థది. శాంపిల్ అంటే పాత రికార్డులోంచే ముక్క కోసి వాడుకోవడం. అప్పుడు పాట హక్కుతో పాటు ఆ రికార్డింగ్ హక్కు ఉన్న కంపెనీ అనుమతీ కావాలి. రీమిక్స్ అంటే పాత గొంతు అలాగే ఉండి చుట్టూ ఇల్లు మారడం.

ఈ లెక్కన ‘అమెరికానో’ శాంపిల్. ఇటాలియన్ గాయని రఫాయెల్లా కర్రా 1976లో పాడిన పాటకి ఫ్రెంచ్ డీజే బాబ్ సింక్లార్ 2011లో చేసిన ‘ఫర్ లమోరె’ రీమిక్స్ కిందికి వస్తుంది, గొంతు కర్రాదే. అమెరికన్ గాయని లారా బ్రానిగన్ పాడిన ‘గ్లోరియా’ అసలు సిసలు కవర్.

మన దేశంలో కవర్లకి చట్టంలో 31సి అని ఒక సెక్షన్ ఉంది, 2012 సవరణలో వచ్చింది. మొదటి రికార్డింగ్ వచ్చిన సంవత్సరం ముగిశాక అయిదు క్యాలెండర్ సంవత్సరాలు గడవాలి, మాటల్లోనూ ట్యూన్‌లోనూ మార్పులు చెయ్యకూడదు, ముందుగా రాయల్టీ కట్టాలి. ‘చిన్న బీటే కదా కలిపాను’ అని యూట్యూబ్‌లో పెట్టేవాళ్లు ఒకసారి చదువుకుంటే మంచిది.

బూమర్‌ని_కాను

కాకా వచ్చాక ఏ థ్రెడ్ అయినా కోర్టు హాలే 😄

కీబోర్డు_మావయ్య

పల్లవిపిచ్చి గారూ, ఒకరి పాట ఇంకొకరు పాడటం ఇటలీకి నిన్నా మొన్నా వచ్చిన జబ్బు కాదు. అక్కడి సాన్రేమో పాటల పోటీ 1951లో మొదలైంది. అప్పట్లో పోటీ పాటల మధ్యే గానీ పాడేవాళ్ల మధ్య కాదు. అందుకని చాలా ఏళ్లపాటు ఒకే పాటని ఇద్దరు వేర్వేరుగా పాడేవాళ్లు, వేర్వేరు ఆర్కెస్ట్రేషన్లతో. మనమందరం ‘వొలారె’ అనే పాట 1958లో గెలిచింది కదా, దాన్ని దొమెనికో మొదూన్యోతో పాటు జానీ దొరెల్లి కూడా పాడాడు. తర్వాత విదేశీయుల్ని కూడా పిలిచారు. 1968లో లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ వచ్చాడు, 1969లో లూచో బత్తిస్తి పాటని విల్సన్ పికెట్ పాడాడు. 1965లో పోటీకి వెళ్లిన బ్రిటన్ గాయని డస్టీ స్ప్రింగ్‌ఫీల్డ్ అక్కడ పీనో దొనాజ్జో పాట విని మనసు పారేసుకుంది. మరుసటి ఏడు దాన్నే ఇంగ్లీషులో పాడి బ్రిటన్‌లో నంబర్ వన్ కొట్టింది. అంటే ‘ఇది ఈయన పాట, ఇంకెవరూ ముట్టుకోకూడదు’ అనే మడి వాళ్లకి మొదటి నుంచీ తక్కువ.

ఇక ‘గ్లోరియా’. ఉంబెర్తో తొజ్జి 1979లో పాడాడు, జాంకార్లో బిగాజ్జితో కలిసి రాశాడు. అది ఒక మగవాడి తపన, దగ్గర లేని అమ్మాయిని ఊహించుకుంటూ పాడేది. 1982లో బ్రానిగన్ బృందం మొదట దాన్ని అలాగే ప్రేమపాటగా, పేరు ‘మారియో’ అని మార్చి ప్రయత్నించింది. అతకలేదు. అప్పుడు గ్లోరియా పేరు గ్లోరియాగానే ఉంచి, కథ తిప్పేశారు. ఇప్పుడు ఒక ఆడది ఇంకో ఆడదాన్ని చూసి మాట్లాడుతోంది: ఎందుకా పరుగు, అందరూ నిన్నే కోరుకుంటుంటే నీకు ఒక్క ఫోనూ రాదేం అని. పాట మొత్తం భయం, జాలి. ట్యూన్‌లో ఒక్క స్వరం కదలలేదు, పాట మాత్రం వేరే మనిషైంది.

వాద్యాల వైపు చూస్తే, తొజ్జి రికార్డుకి పనిచేసిన గ్రెగ్ మాథిసన్ అనే కీబోర్డు ఆయనే బ్రానిగన్ రికార్డుకీ పనిచేశాడు. అందుకే ఆ సింథ్ రిఫ్ రెండింట్లోనూ ఒకే ధీమాతో పడుతుంది. ఆర్కెస్ట్రాలో వాయించి చూశాను. కుడిచెయ్యి తేలిక, ఎడమచెయ్యి ఆగకుండా తోస్తూనే ఉండాలి. అది కాస్త సడలితే పాట అక్కడే చతికిలబడుతుంది. మంచి కవర్ అంటే నాకు ఇదీ: ఎడమచెయ్యి వదలకుండా కథ మార్చడం.

సెయింట్‌లూయిస్_శీను

మావయ్య గారూ, గ్లోరియా మా ఊరి జాతీయగీతం సార్!

2019 జనవరిలో మా ఐస్ హాకీ జట్టు సెయింట్ లూయిస్ బ్లూస్ లీగ్‌లో అట్టడుగున ఉంది. ఫిలడెల్ఫియాలో ఒక బార్‌లో కొందరు ఆటగాళ్లు ఫుట్‌బాల్ మ్యాచ్ చూస్తున్నారు. డీజే ఈ పాట వేసినప్పుడల్లా అక్కడి జనం పూనకం వచ్చినట్టు ఊగిపోతున్నారట. అది చూసి మనవాళ్లు దీన్ని తమ విజయగీతం చేసుకున్నారు. గెలిచినప్పుడల్లా ‘ప్లే గ్లోరియా’. అదే ఏడాది జూన్‌లో స్టాన్లీ కప్ గెలిచారు, క్లబ్ చరిత్రలో మొదటిసారి. ఆ వారం ఊళ్లో గ్లోరియా వినపడని గ్యాస్ స్టేషన్ లేదు. మా అపార్ట్‌మెంట్ తెలుగు ఆంటీలు కూడా నీలం చొక్కాలు వేసుకుని పాడారు, హాకీ రూల్స్ ఒక్కటీ తెలియకుండా.

బ్రానిగన్ 2004లోనే పోయింది, పాపం, ఇదంతా చూడలేదు. 1982–83లో ఈ పాట అమెరికా హాట్ 100లో రెండో స్థానం దాకా వెళ్లి, ఆ జాబితాలో 36 వారాలు ఉంది. అది ఇటాలియన్ పాట అని నాకు ఈ థ్రెడ్ చూశాకే తెలిసింది.

బూమర్‌ని_కాను

బ్రానిగన్‌దే ‘సెల్ఫ్ కంట్రోల్’ కూడా ఇటలీ సరుకే కదా? 1984. మూలం రాఫ్ అనే ఆయనది, అదే ఏడాది. కానీ రాఫ్ పాడిందే ఇంగ్లీషులో. మరి దాన్ని ఇటాలియన్ పాట అనాలా? 2006లో డెన్మార్క్ వాళ్లు ఇన్ఫర్నల్ మళ్లీ చేశారు. అదే పాట, ఇంకా గట్టి బీటు, మళ్లీ ఇంగ్లీషే.

కీబోర్డు_మావయ్య

అనాలి. రాసినవాళ్లలో రాఫ్, బిగాజ్జి ఉన్నారు. గ్లోరియా రాసిన బిగాజ్జియే. ఎనభైల్లో ఇటలీ డాన్స్ రికార్డులు చాలావరకు ఇంగ్లీషులోనే పాడేవాళ్లు, బయట అమ్ముకోవాలి కాబట్టి. ఆ మైనర్ స్కేలు దిగులు, దాని మీద ఉరకలేసే బాసు ఎక్కడివో వినగానే తెలిసిపోతుంది.

టొరీనో_తార

చాలా రోజులకి లాగిన్ అయ్యాను, ఈ టాపిక్ చూసి ఆగలేకపోయాను. నేను టొరీనోలో మాస్టర్స్ చేస్తున్నాను.

ఇక్కడ డిగ్రీ వచ్చినరోజు పిల్లల తలకి లారెల్ ఆకుల కిరీటం పెట్టి ఊరంతా తిప్పుతారు, రాత్రికి పార్టీ. మా క్లాస్‌మేట్ పార్టీకి వాళ్ల అమ్మమ్మ కూడా వచ్చింది. ముత్యాల దండ, చేతిలో ప్లాస్టిక్ గ్లాసులో స్ప్రిట్జ్. డీజే అప్పటిదాకా కొత్త పాటలే వేస్తున్నాడు, ఆవిడ కుర్చీలో కూర్చుని ఫోన్ చూసుకుంటోంది. ఉన్నట్టుండి బాబ్ సింక్లార్ రీమిక్స్ పడింది. కర్రా గొంతు వినగానే ఆవిడ గ్లాసు మనవడి చేతిలో పెట్టి లేచింది. తల వెనక్కి విసిరే ఆ కర్రా స్టెప్పు తెలుసు కదా, మెడ నొప్పి అని మధ్యాహ్నమే చెప్పిన మనిషి సరిగ్గా బీటు మీద విసిరింది.

నేను గమనించింది వేరే. రీమిక్స్‌లో చరణం కోసేసిన చోట బీటు ఒక్కటే ఆడుతుంది కదా, అక్కడ ఆవిడా, ఆవిడ ఈడువాళ్లూ, మా క్లాస్ పిల్లలూ అందరూ కోసేసిన మాటలే గొంతెత్తి పాడుతున్నారు. డీజే తీసేసినదాన్ని జనం తిరిగి పెట్టేస్తున్నారు. ఇక్కడ చరణం ఎవరికి రాదు గనక! కాబట్టి పల్లవిపిచ్చీ, నీ ప్రశ్నకి జవాబు ఊరిని బట్టి ఉంటుంది. అదే ట్రాక్ బెర్లిన్‌లోనో హైదరాబాద్‌లోనో వేస్తే పల్లవే మిగులుతుంది. ఇక్కడ వేస్తే మొత్తం పాట లేచి నిలబడుతుంది.

కర్రా గురించి కూడా చెప్పాలి. 1970లో బొడ్డు కనిపించే డ్రెస్సుతో ప్రభుత్వ టీవీలో కనబడి గోల గోల చేయించిన మనిషి. ఈ పాటలో చెప్పేది కూడా ప్రేమలో మొదటి అడుగు నువ్వే వెయ్యి అనే. అలాంటి గొంతుని తీసి వేరే అమ్మాయితో పాడించి ఉంటే అమ్మమ్మ లేచేది కాదు. 2013లో వచ్చిన సొరెంతీనో సినిమా ‘లా గ్రాందె బెల్లెజ్జా’లో రోమ్ మేడ మీద పుట్టినరోజు పార్టీ, వెనకాల మార్తీని నియాన్ బోర్డు, అక్కడ మోగేది కూడా ఈ రీమిక్సే. ఆ సీన్‌లో గంతులేసేవాళ్లు ఎక్కువమంది వయసు మళ్లినవాళ్లే. ఊరికే పెట్టలేదు.

పల్లవిపిచ్చి

తారా, ‘తీసేసినదాన్ని జనం తిరిగి పెట్టేస్తున్నారు’, ఈ కోణం నాకు తట్టలేదు. అయితే ఒక అనుమానం. ఇప్పటి పిల్లలు మూలం వినకుండా రీమిక్స్ ఒక్కటే వింటూ పెరిగితే, ఇంకో ఇరవై ఏళ్లకి అక్కడ కూడా చరణం పాడేవాళ్లు ఉంటారా?

టొరీనో_తార

ఉంటారనే నా నమ్మకం. సాన్రేమోలో ఇప్పటికీ ఒక రాత్రి కవర్లకే కేటాయిస్తారు, దేశమంతా టీవీ ముందే. ఇక రిక్కి ఎ పోవెరి బృందం 1981 పాట ‘సరా పెర్కె తి ఆమో’ ఉందిగా, దాని ట్యూన్‌కి మిలాన్ ఫుట్‌బాల్ జట్టు అభిమానులు సొంత మాటలు కట్టి శాన్ సీరోలో పాడతారు. పద్నాలుగేళ్ల పిల్లలకి పాట స్టేడియం నుంచి వస్తోంది, మూలం తర్వాత ఇంట్లో వింటారు.

మెల్‌బోర్న్_మిర్చి

మా ఆస్ట్రేలియా వాటా ఎవరూ చెప్పట్లేదేం? ‘అమెరికానో’ చేసిన యోలాండా బీ కూల్ సిడ్నీ వాళ్లు. అంతకుముందే మా మెల్‌బోర్న్ నుంచి మాడిసన్ అవెన్యూ అనే జంట 1999లో ‘డోంట్ కాల్ మీ బేబీ’ చేసింది. అందులో మనల్ని లేపి ఆడించే ఆ బాస్‌లైన్ పీనో దాంజో 1980 పాట ‘మా క్వాలె ఇదేయా’లోంచి తీసిన శాంపిల్. తమాషా ఏంటంటే దాంజో ఆ బాసుని అమెరికా సోల్ పాట ఒకదాని బాసు మీద కట్టుకున్నాడు, మెక్‌ఫాడెన్ అండ్ వైట్‌హెడ్‌ది. అమెరికా నుంచి ఇటలీకి, అక్కడి నుంచి మెల్‌బోర్న్‌కి, మళ్లీ 2000లో బ్రిటన్ నంబర్ వన్‌కి. ఎవరిది ఎవరు కొట్టేసినట్టు కాకా?

దాంజో 2024 సాన్రేమో కవర్ల రాత్రి కుర్ర బ్యాండుతో కలిసి అదే పాట పాడాడు. గొంతు క్యాన్సర్ దెబ్బకి బొంగురుపోయింది, అయినా స్టేజీ మీద ఆ దర్జా చెక్కుచెదరలేదు. అదే ఏడాది జూలైలో పోయాడు. వీడియో దొరికితే తప్పక చూడండి.

కాపీరైట్_కాకా

కొట్టేయడం కాదు, ఎవరి వాటా వాళ్లకి ముట్టిందా లేదా అన్నదే ప్రశ్న. ముట్టకపోతే చరిత్రలో గొడవలే. 1880 నాటి ‘ఫునికులీ ఫునికులా’, వెసూవియస్ కొండమీదకి వేసిన కేబుల్ రైలు కోసం కట్టిన పాట, అది జానపదం అనుకుని జర్మన్ స్వరకర్త రిషార్డ్ స్ట్రౌస్ తన ఆర్కెస్ట్రా రచనలో వాడేసుకున్నాడు. స్వరకర్త లుయీజి దెంజా బతికే ఉన్నాడు, రాయల్టీ రాబట్టుకున్నాడు.

ఎర్రమందారం

సరదా సరేగానీ ఒక్క పాట విషయంలో నాకు ఒళ్లు మండుతుంది. ‘బెల్లా చావ్’. ఫాసిస్టుల మీద పోరాడినవాళ్ల పేరు మీద బతికిన పాట అది. నేను చనిపోతే కొండమీద ఒక పువ్వు నీడన పాతిపెట్టండి అంటాడు అందులో. 2017లో ఆ స్పానిష్ దొంగల సీరియల్ ‘మనీ హైస్ట్’ వచ్చింది, 2018 కల్లా హ్యూగెల్ రీమిక్స్, హార్డ్‌వెల్ రీమిక్స్, ఫ్రెంచ్ వాళ్ల పాప్ వెర్షన్. చావు మాట దగ్గర డ్రాప్ పెట్టి, అంటే బీటు ఒక్కసారిగా దింపి, జనాన్ని ఎగరమంటారు. దీన్ని కూడా ‘పాట బతికింది’ లెక్కలో రాద్దామా?

మల్కాజిగిరి_డీజే

అన్నా, బరాత్‌లో బెల్లా చావ్ అడగని పెళ్లి లేదు ఆ రెండేళ్లు. ఎర్ర జంప్‌సూట్లు, మాస్కులు వేసుకుని వచ్చేవాళ్లు పెళ్లికొడుకు ఫ్రెండ్సు. వద్దంటే బండి ఆపేస్తారు. నేనేం చెయ్యను? అయితే అదే పాట ట్యూన్‌కి 2020లో రైతు ఉద్యమం కోసం పంజాబీలో పాట కట్టారు, చూశావా? ఆ సీరియల్, ఆ రీమిక్సులు లేకపోతే ట్యూన్ అంతమంది చెవిలో పడేదా?

టొరీనో_తార

ఎర్రమందారం గారి కోపం ఇక్కడి పెద్దవాళ్లకీ ఉంది. ఏప్రిల్ 25న, విముక్తి దినం నాడు, చౌరస్తాల్లో ఈ పాట పాడతారు. చప్పట్లతో, కొంచెం వేగంగానే. ఏడుపు రాగంలో కాదు. కానీ డ్రాప్ ఉండదు! దాని పుట్టుక మీద చరిత్రకారుల్లో ఇంకా వాదన ఉంది. యుద్ధంలో ఎంతమంది నిజంగా పాడారు, వరిచేల కూలీ ఆడవాళ్ల పాటే ముందా అని. దేశమంతా పాకింది మాత్రం 1964లో స్పొలేతో ఉత్సవంలో స్టేజీ మీద పాడాకే. నా వరకు అయితే బెల్లా చావ్ క్లబ్ మిక్స్ పడితే బయటికి వచ్చి గాలి పీల్చుకుంటాను. పాట నచ్చక కాదు, అక్కడ నచ్చక.

మోడరేటర్

రాజకీయాలు ఇక్కడితో ఆపితే మంచిది. పాటల్లోకి రండి. ఎర్రమందారం గారూ, రెండో పోస్టు తీసేశాను, ఏమనుకోకండి.

బూమర్‌ని_కాను

పాటల్లోకే వస్తున్నా. మన రీమిక్సులతో పోల్చి చూడండి. ‘గ్యాంగ్ లీడర్’ వాన పాట 2012లో ‘రచ్చ’లో, ‘ఖైదీ నం. 786’ గువ్వా గోరింక పాట 2015లో ‘సుబ్రమణ్యం ఫర్ సేల్’లో. మనవాళ్లు గొంతులు మార్చారు, బీటు పెంచారు, మాటల్ని మాత్రం పెద్దగా ముట్టుకోలేదు. ఎందుకంటే తెర మీద హీరో నాలుగు నిమిషాలు స్టెప్పులెయ్యాలి, చరణం కావాలి. క్లబ్ మిక్స్‌కి ఆ అవసరం లేదు. రీమిక్స్ ఎవరి కోసం చేస్తున్నారో చూస్తే ఏం కోస్తారో తెలిసిపోతుంది.

ఇక దయచేసి ఎవరూ వచ్చి ‘తెలుగు ఇటాలియన్ ఆఫ్ ది ఈస్ట్, అచ్చులు’ అని మొదలుపెట్టొద్దు. ప్రతి థ్రెడ్‌లో అదే.

కీబోర్డు_మావయ్య

అబ్బాయ్, ఆ మాట నేను సగం టైప్ చేసి చెరిపేశాను 😀

ఇంతమంది మాట్లాడారు, అమెరికన్ డిస్కో గాయని డోనా సమ్మర్‌ని ఎవరూ తలుచుకోలేదు. ‘కొన్ తె పర్తిరో’, 1995 సాన్రేమోలో ఇటాలియన్ గాయకుడు బొచెల్లి పాడితే నాలుగో స్థానం వచ్చిన పాట. మరుసటి ఏడు సారా బ్రైట్‌మన్‌తో జంటగా, జర్మన్ బాక్సర్ హెన్రీ మాస్కె వీడ్కోలు పోటీ కోసం పాడి జర్మనీని ఊపేశారు. అప్పటికే అది వీడ్కోలు పాట అని ముద్ర పడిపోయింది. 1999లో సమ్మర్ దాన్ని పూర్తి డాన్స్ పాట చేసింది, అమెరికా డాన్స్ క్లబ్ జాబితాలో నంబర్ వన్.

మొదట విన్నప్పుడు ఏమిటీ అపచారం అనిపించవచ్చు. కానీ ఆవిడ నెమ్మదిగా, దాదాపు బొచెల్లి పద్ధతిలోనే మొదలుపెట్టి, వినేవాడు కళ్లు మూసుకునే సమయానికి కిక్ దింపుతుంది. అక్కడి నుంచి ఆవిడ గొంతు బీటుని మోస్తుంది. మామూలు డాన్స్ కవర్లలో బీటు గొంతుని ఈడ్చుకెళ్తుంది, వినడానికి జాలేస్తుంది. డెబ్భైల్లో ఇటలీ మనిషి జోర్జో మొరోదెర్‌తో డిస్కోకి దారి వేసిన గొంతు అది, తెలియకుండా ఎలా ఉంటుంది!

మల్కాజిగిరి_డీజే

మావయ్యా, సమ్మర్ ట్రాక్ ఇప్పుడే దించుకున్నా. మస్తుంది. ఇదంతా నాకు పనికొచ్చే వ్యవహారమే. వచ్చే నెల ఒక సంగీత్ ఉంది, ‘ఇటాలియన్ థీమ్’ అన్నారు. పెళ్లికూతురు వాళ్లు లేక్ కోమో ఫొటోలు ప్రింట్ తీయిస్తున్నారు స్టేజీకి. నా వరస: మెల్లగా సమ్మర్, తర్వాత కర్రా రీమిక్స్, గ్లోరియా, అమెరికానో. అమెరికానోకి ముందు కరొజోనె ఒరిజినల్ ఒక నిమిషం వేస్తా, పల్లవిపిచ్చి అక్క హ్యాండ్‌బ్యాగు కోసం. ఫినిషింగ్ ‘మాంబో ఇటాలియానో’, షాఫ్ట్ వాళ్ల 2000 వెర్షన్. కరెక్టేనా?

కాపీరైట్_కాకా

చివరిది తప్ప. ‘మాంబో ఇటాలియానో’ ఇటాలియన్ పాట కాదు. 1954లో బాబ్ మెరిల్ అనే అమెరికన్ రాశాడు, పాడింది రోజ్‌మేరీ క్లూనీ. ఇటాలియన్ ముక్కలు అక్కడక్కడా జల్లిన అమెరికా సరుకు.

పల్లవిపిచ్చి

అంటే ఇటాలియన్‌లా నటించే అమెరికన్! కరొజోనె కుర్రాడికి తగిన జోడీ. తియ్యకు తమ్ముడూ, రెండూ పక్కపక్కన వెయ్యి.

మల్కాజిగిరి_డీజే

వేస్తా. పెళ్లివాళ్లకి మాత్రం కాకా ఈ మాట చెప్పకూడదు, బ్యానర్ మీద పెద్ద అక్షరాలతో ‘మాంబో ఇటాలియానో నైట్’ అని ఆల్రెడీ ప్రింటైపోయింది.